పీట్ సారు దగ్గు

హీరోల మీద రాసేవాళ్లకు కొదవ లేదు. నేను ఇక్కడ ఎప్పుడూ పక్క వేషాలవాళ్ల గురించే రాస్తుంటాను, ఎందుకంటే నేనూ ఆ బాపతే. పగలు కర్నూల్లో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్తాను. సాయంత్రం రిహార్సల్ ఉంటే సీ క్యాంపు వైపు పోతాను, లేకపోతే ఇంట్లో కూర్చుని సినిమా చూస్తాను. నాటకాల్లో నాకు దక్కేది నక్షత్రకుడో కాలకౌశికుడో. సాంఘిక నాటకమైతే దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చునే ముసలి తండ్రి వేషం ఖాయం. నలభై దాటకముందే నా జుట్టుకు తెల్ల పౌడర్ కొట్టడం మొదలుపెట్టారు మా మేకప్ ఆయన.

ఈసారి రాయబోయేది ఒక ఇంగ్లీషు క్యారెక్టర్ ఆర్టిస్టు గురించి. పేరు పీట్ పాసిల్‌త్వెయిట్. నోరు తిరగడం లేదా? ఇంగ్లండ్‌లో వాళ్లకే తిరగలేదట. కెరీర్ మొదట్లో ఏజెంట్లు పేరు మార్చుకోమని పోరు పెట్టారు. ఇంత పొడుగు పేరును థియేటర్ బయట బల్బులతో రాయాలంటే కరెంటు బిల్లు ఎవరు కడతారని వాళ్ల బాధ అని ఆయనే తర్వాత నవ్వుతూ చెప్పుకునేవాడు. మార్చుకోలేదు. నటుడు కాకముందు టీచరు కాబట్టి మా ఇంట్లో ఆయన్ని పీట్ సారు అంటాం. ఇక్కడా అలాగే రాస్తాను.

పీట్ సారు 1946 ఫిబ్రవరి 7న వారింగ్టన్‌లో పుట్టాడు. లివర్‌పూల్‌కు, మాంచెస్టర్‌కు మధ్యన ఉండే ఫ్యాక్టరీల ఊరు అది. వాళ్ల నాన్న చెక్క పీపాలు చేశాడు, కలప మిషన్ల మీద పనిచేశాడు, స్కూల్లో కేర్‌టేకర్‌గానూ చేశాడు. నలుగురు పిల్లల్లో ఈయనే చివరివాడు. క్యాథలిక్కుల ఇల్లు. టీచర్ ట్రైనింగ్ అయ్యాక మాంచెస్టర్‌లో పిల్లలకు డ్రామా నేర్పే ఉద్యోగం చేశాడు. కష్టపడి చదివించిన ఇంట్లో కొడుకు పంతులు అయ్యాడంటే అది చిన్న సంగతి కాదు. ఆ ఉద్యోగం వదిలేసి బ్రిస్టల్ ఓల్డ్ విక్ థియేటర్ స్కూల్లో మళ్లీ విద్యార్థిగా చేరాడు. నాకు అంత ధైర్యం లేదు, ఉండి ఉంటే మా ఆవిడ ఉండనిచ్చేది కాదు. జీతం జీతమే, నాటకం నాటకమే అనేది మా ఇంటి రాజ్యాంగం.

బ్రిస్టల్ తర్వాత 1970లలో లివర్‌పూల్‌లోని ఎవ్రీమన్ థియేటర్‌కు వచ్చాడు. హోప్ స్ట్రీట్‌లో ఉండే ఆ చిన్న థియేటర్‌లో అప్పుడు ఎవరెవరు ఉన్నారో చూస్తే కళ్లు తిరుగుతాయి. జూలీ వాల్టర్స్, బిల్ నై, జోనాథన్ ప్రైస్, ఆంటోనీ షేర్. తర్వాత వీళ్లలో ఒక్కొక్కరూ పెద్ద పేరు తెచ్చుకున్నారు. అప్పుడు మాత్రం వ్యానులో సామాను వేసుకుని పబ్బుల్లో కూడా నాటకాలు ఆడి వచ్చేవాళ్లు. పబ్బులో జనం నాటకం కోసం రారు, బీరు కోసం వస్తారు. తాగేవాడి చేతిలో గ్లాసు ఆగిపోయేలా చేయగలిగితే నీకు నటన వచ్చినట్టు. మన దగ్గర తిరునాళ్లలో ఆడినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ఎదురుగా బొరుగులు, మిరపకాయ బజ్జీల బండి, పక్కన పిల్లల పీపీ బూరలు, వెనక జనరేటర్ మోత. వాటన్నిటినీ దాటి నీ మాట చివరి వరసకు చేరాలి.

ఎవ్రీమన్ గురించి చదువుతుంటే నాకు సురభి నాటక కుటుంబం గుర్తొచ్చింది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధతో మొదలైన ఆ కుటుంబంలో ఈ రోజు కృష్ణుడు వేసినవాడు రేపు తెర లాగుతాడు. ఒకడే హీరో అనే మాట అక్కడ నడవదు. పీట్ సారు కూడా అలాంటి చోట తయారైన మనిషే. ఆ తర్వాత 1980లలో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో చేశాడు. అక్కడ ఎన్ని వేషాలు వేశాడన్నది నాకు అంత ముఖ్యం కాదు. తెర మీద ఆయన్ని ఎప్పుడు చూసినా పక్క నటుడికి చోటు వదిలి నిలబడతాడు. ఆ అలవాటు మాత్రం వ్యానులోనే అబ్బి ఉంటుందని నా అనుమానం.

ఇక మొహం. చెంప ఎముకలు బయటికి పొడుచుకొచ్చి, చెంపలు లోపలికి పోయి, మా బేతంచెర్లలో అప్పుడే గనిలోంచి లేపిన నాపబండలా పొరలు పొరలుగా ఉంటుంది. పాలిష్ పట్టని బండ. ఆ మొహంతో హీరో వేషం ఎవరిస్తారు? విలన్ వేషాలు మాత్రం దండిగా ఇస్తారు. బ్రిటన్ టీవీలో షార్ప్ అనే సైనిక కథల సీరియల్లో హేక్స్‌విల్ అనే దుర్మార్గపు సార్జెంటుగా వేశాడు. ఆ పాత్రను అక్కడ జనం ఇప్పటికీ తిట్టుకుంటారు. తిట్లు తినడం మా వర్గానికి అవార్డే.

కర్నూలోడిని కాబట్టి ఇక్కడ జయప్రకాశ్ రెడ్డి గారిని తలచుకోకుండా ఉండలేను. సిరివెళ్లలో పుట్టిన మనిషి. ఆయనా టీచరే, లెక్కలు చెప్పేవాడు. పీట్ సారుకు పేరు తెచ్చిన సినిమా 1988లో వచ్చింది. జయప్రకాశ్ రెడ్డి గారు బ్రహ్మపుత్రుడుతో తెర మీదికి వచ్చిందీ ఆ ఏడాదే. 1997లో పీట్ సారు ఒక హాలీవుడ్ సినిమాలో డైనోసార్లను వేటాడుతుంటే, ఈయన ప్రేమించుకుందాం రా సినిమాలో మన సీమ యాసతో థియేటర్లను వణికించాడు. సినిమాల్లో అంత సంపాదించుకున్నాక కూడా అలెగ్జాండర్ అని ఒంటరిగా ఒక్కడే ఆడే నాటకం పట్టుకుని స్టేజీ మీదికి వచ్చేవాడు. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసి ఉండదు. కానీ ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి చెరొక టీ ఇస్తే, పిల్లల హోంవర్కుల దగ్గర మొదలై యాసల దాకా మాట్లాడుకునేవాళ్లేమో. జయప్రకాశ్ రెడ్డి గారు 2020 సెప్టెంబరు 8న గుంటూరులో పోయారు. ఆ రోజు మా నాటక మిత్రుల వాట్సాప్ గ్రూపు రాత్రి దాకా మోగుతూనే ఉంది.

సరే, 1988 సినిమాకు వస్తాను. పేరు డిస్టెంట్ వాయిసెస్, స్టిల్ లైవ్స్. దర్శకుడు టెరెన్స్ డేవిస్ లివర్‌పూల్‌లో తను పుట్టి పెరిగిన ఇంటి కథనే తీశాడు. పీట్ సారుది తండ్రి పాత్ర. ఇల్లాలిని, పిల్లల్ని చావగొట్టే తండ్రి. ఇందులో ఒక క్రిస్మస్ ఉంది. రాత్రి పిల్లలు నిద్రపోతుంటే ఈయన చప్పుడు కాకుండా వచ్చి వాళ్ల మంచం దగ్గర కానుకల మేజోళ్లు తగిలిస్తాడు. ఆ కళ్లలో ఎంత ప్రేమ ఉందంటే, ఇంతసేపూ ఈయన గురించి మనం అనుకున్నదంతా తప్పేమో అనిపిస్తుంది. తర్వాత పండగ భోజనం. టేబుల్ చుట్టూ పిల్లలు బిగుసుకుపోయి కూర్చుని ఉంటారు. ఆయన టేబుల్ గుడ్డను పిడికిలితో పట్టుకుంటాడు. ఒక్క లాగు. ప్లేట్లు, అన్నీ కింద. అది ఊడ్చమని భార్యకు కేక.

మామూలు నటుడైతే మొదటి సీన్లోనే రెండో సీనుకు లీకు ఇస్తాడు. మూతి ఒక పక్కకు తిప్పుతాడు, లేదా కనుబొమ ఎగరేస్తాడు. ఈయన ఇవ్వలేదు. మేజోళ్లు తగిలించే తండ్రి నిజంగానే ప్రేమించే తండ్రి. గుడ్డ లాగే తండ్రి నిజంగానే రాక్షసుడు. రెండింటి మధ్యా వంతెన కట్టే పని మనకే వదిలేశాడు. ఇలాంటి ఇళ్లు మా వీధిలోనూ ఉండేవి. తాగని రోజు కూతురికి జడ వేసిన చెయ్యే తాగిన రోజు అదే జడ పట్టుకుని ఈడ్చేది. ఆ ఇళ్ల పిల్లలను అడగండి, వాళ్లకు భయం తాగిన రోజు కంటే తాగని రోజే ఎక్కువ ఉండేది.

ఐదేళ్ల తర్వాత, 1993లో, అదే మనిషి ఇంకో తండ్రి. ఇన్ ద నేమ్ ఆఫ్ ద ఫాదర్. ఇది నిజంగా జరిగిన కథ. 1974 అక్టోబరు 5న ఇంగ్లండ్‌లో గిల్డ్‌ఫోర్డ్ అనే ఊళ్లో పబ్బుల్లో బాంబులు పేలాయి. ఐరిష్ కుర్రాడు జెర్రీ కాన్లన్‌ను పట్టుకుని, కొట్టి, బెదిరించి, చేయని నేరం ఒప్పించారు. కొడుక్కి లాయర్‌ను పెడదామని బెల్‌ఫాస్ట్ నుంచి లండన్‌కు వచ్చిన తండ్రి జుసెప్పీ కాన్లన్‌ను కూడా లోపల వేశారు. పేలుడు పదార్థాల కేసు అంటగట్టి 12 ఏళ్ల శిక్ష. అప్పటికే ఊపిరితిత్తుల జబ్బు మనిషి. 1980 జనవరిలో ఖైదీగానే చనిపోయాడు. కొడుకు 1989లో బయటికి వచ్చాడు. తండ్రి నిర్దోషి అని కోర్టు తేల్చింది 1991లో. చచ్చిపోయిన పదకొండేళ్లకు.

సినిమాలో తండ్రీకొడుకులను ఒకే సెల్లో పెట్టారు. అసలు జీవితంలో అలా లేదు, కథ కోసం దర్శకుడు జిమ్ షెరిడన్ చేసిన మార్పు అది. దాని మీద బ్రిటన్‌లో విమర్శలు వచ్చాయి. నాకైతే ఆ మార్పు వల్లే సినిమా సినిమా అయ్యిందనిపిస్తుంది, ఎందుకంటే ఆ గదిలో జరిగేది కోర్టు కథ కాదు. కొడుకు వేషం డేనియల్ డే లూయిస్‌ది. అతనూ బ్రిస్టల్ ఓల్డ్ విక్ స్కూల్లోనే చదివాడు. సెల్లో కొడుకు పాత పగలన్నీ తవ్వుతాడు. చిన్నప్పుడు ఫుట్‌బాల్ ఆడినప్పుడు నువ్వు ఇలా అన్నావు, నేను ఏ తప్పు చేసినా వెనకే తయారయ్యేవాడివి, అంటూ అరుస్తాడు, గోడకేసి కొట్టుకుంటాడు. కెమెరా ఎక్కువగా డే లూయిస్ మీదే ఉంటుంది, ఉండాలి కూడా. మీరు ఈ సీన్ రెండోసారి చూసేటప్పుడు డే లూయిస్‌ను వదిలేసి పీట్ సారును చూడండి.

ఆయన వింటాడు. అంతే. కానీ ఎలా వింటాడు? మాట మధ్యలో దూరాలని నోరు కొంచెం తెరుచుకుంటుంది, మళ్లీ మూసుకుంటుంది. అవమానం తగిలిన మాట దగ్గర కళ్లు కొడుకు మొహం మీద నుంచి జారవు, భుజాలు మాత్రం ఒక వేలెడు కిందికి దిగుతాయి. తిరిగి కోప్పడడు. కోప్పడి ఉంటే అది ఇద్దరి గొడవ అయ్యేది. ఈయన అంతా తన మీద పడనివ్వడం వల్ల ఆ కొడుకు అరుపు ఎంత ఒంటరిదో మనకు తెలుస్తుంది. డే లూయిస్ అంత గొప్పగా కనపడటంలో సగం పని ఈయనది.

నక్షత్రకుడి వేషం వేసేవాడికి ఈ లెక్క కొంచెం తెలుసు. హరిశ్చంద్రలో జనం వచ్చేది కాటి సీను పద్యాల కోసం. వన్స్ మోర్‌లు, దండలు, వంద నోట్లు అన్నీ హరిశ్చంద్రుడికే. నక్షత్రకుడు అప్పు తీర్చమని వెంటపడి వేధించేవాడు. వాడెంత ఘోరంగా పీడిస్తే హరిశ్చంద్రుడి సత్యం అంత ఎత్తున నిలబడుతుంది. మావాళ్లలో చాలామందికి ఇది ఎక్కదు. హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకున్నాడంటే నక్షత్రకుడు ఒక పక్కకు పోయి మైకు కింద ఉత్తరీయం సర్దుకుంటుంటాడు, లేదా జనంలో తెలిసినవాడికి సైగ చేస్తుంటాడు. ఒక పరిషత్తు పోటీల్లో ఒక న్యాయనిర్ణేత నాతో అన్నాడు, సార్, మీకు డైలాగు లేనప్పుడు మీరు ఎందుకు నటిస్తున్నారు, దృష్టి అటు పోతోంది అని. ఆయనకు నమస్కారం పెట్టి వచ్చేశాను. డైలాగు లేనప్పుడు కదా నటించాల్సింది! పీట్ సారు ఆ పోటీకి వచ్చి ఉంటే ఆయనకూ కన్సొలేషన్ ప్రైజే.

ఆ వేషానికి ఆయన ఆస్కార్‌కు నామినేట్ అయ్యాడు, ఉత్తమ సహాయ నటుడి విభాగంలో. అవార్డు ద ఫ్యూజిటివ్‌లో చేసిన టామీ లీ జోన్స్‌కు పోయింది. అదే లిస్టులో అప్పటికి కుర్రాడైన లియొనార్డో డికాప్రియో కూడా ఉన్నాడు. డికాప్రియో, పీట్ సారు తర్వాత రెండుసార్లు ఒకే సినిమాలో కనపడ్డారు. 1996 రోమియో ప్లస్ జూలియట్‌లో డికాప్రియో రోమియో, ఈయన ఆ ప్రేమికులకు పెళ్లి చేసే ఫాదర్ లారెన్స్. రెండోది ఇన్సెప్షన్, దాని సంగతి తర్వాత.

ఆస్కార్ నామినేషన్ వచ్చాక హాలీవుడ్ పిలిచింది. 1995లో ది యూజువల్ సస్పెక్ట్స్. అందులో ఈయన కొబయాషి అనే లాయర్. జపాన్ పేరు, ఇంగ్లీషు మొహం, ఏ దేశానిదో తేల్చుకోలేని యాస. సినిమా చివరికి వచ్చాక ఆ గందరగోళం ఎందుకో అర్థమవుతుంది, చూడనివాళ్ల కోసం చెప్పను. 1997లో స్పీల్‌బర్గ్ ది లాస్ట్ వరల్డ్. నేను ఈయన్ని మొదట చూసింది అందులోనే, కేబుల్ టీవీలో. రోలండ్ టెంబో అనే వేటగాడు. ఆ సినిమాలో మనుషులంతా డైనోసార్ల కోసం ఉన్నట్టుంటారు, ఈయన ఒక్కడు తన కోసం ఉన్నట్టుంటాడు. కావలసిన జంతువు దొరుకుతుంది, కానీ అజయ్ అనే తన స్నేహితుడు పోతాడు. ఆఖర్లో పెద్ద ఉద్యోగం ఇస్తామంటే ఇక చాలని వెళ్లిపోతాడు. అంత గోల సినిమాలో ఆ నిమిషం మాత్రం గొంతు ఎత్తకుండా మాట్లాడతాడు. అదే ఏడాది వచ్చిన అమిస్టాడ్‌లోనూ స్పీల్‌బర్గ్ ఆయన్ని తీసుకున్నాడు, ఈసారి ప్రభుత్వ వకీలు. ప్రపంచంలో అత్యుత్తమ నటుడు ఇతనే అని స్పీల్‌బర్గ్ అన్నట్టు పేపర్లలో వచ్చింది. దానికి పీట్ సారు జవాబు: ఆయన అన్నది అది కాదేమో, ‘పీట్‌కు తనే అత్యుత్తమ నటుడినని ఒక భ్రమ’ అని ఉంటాడు! మన దగ్గర అలాంటి పొగడ్త ఒకటి వస్తే ఫ్లెక్సీ వేయించి రాజ్‌విహార్ సెంటర్లో కడతాం.

ఈ పోస్టు రాయడానికి అసలు కారణం మాత్రం వేరే సినిమా. బ్రాస్డ్ ఆఫ్, 1996, దర్శకుడు మార్క్ హెర్మన్. ఇంగ్లండ్ ఉత్తరాన యార్క్‌షైర్‌లో బొగ్గు గని ఊరు. గని కార్మికులకు ఒక బ్యాండు ఉంటుంది, ఇత్తడి వాద్యాల బ్యాండు. సినిమాలో ఊరి పేరు గ్రిమ్లీ, వెనక ఉన్న అసలు ఊరు గ్రైమ్‌థార్ప్. 1992 అక్టోబరులో ప్రభుత్వం ఒక్కసారిగా 31 గనులు మూస్తామని ప్రకటించింది. అందులో గ్రైమ్‌థార్ప్ గని కూడా ఉంది. ఆ నెలలోనే గ్రైమ్‌థార్ప్ బ్యాండు లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో జాతీయ పోటీల్లో మొదటి బహుమతి కొట్టింది. ఉద్యోగాలు పోయే వారంలో బహుమతి! సినిమాకు ఇంతకంటే కథ ఏం కావాలి.

పీట్ సారుది బ్యాండ్ మాస్టర్ డానీ పాత్ర. జీవితమంతా గనిలో చేసి, బొగ్గు దుమ్ము ఛాతీలో నింపుకున్న మనిషి. గని పోయినా, ఇళ్లు జప్తు అవుతున్నా, కొడుకు చావబోయినా, ఆయనకు సంగీతం ఒక్కటే ముఖ్యం. నిజం చెప్పాలంటే సగం సినిమా దాకా డానీ మీద నాకు చిరాకే వేసింది. పిల్లలకు తిండి లేదు మొర్రో అంటుంటే ఈయన శ్రుతి తప్పారని కేకలేస్తాడు. ఆ చిరాకు వచ్చేలానే చేశాడాయన. మంచివాడిగా కనపడాలనే తాపత్రయం ఆయనకు ఏ కోశానా లేదు.

మాది బేతంచెర్ల. నాపరాళ్ల ఊరు. మీ ఇంట్లో కాళ్ల కింద ఉన్న నల్లబండ మా ఊరి నుంచే వచ్చి ఉండొచ్చు. మా నాయన, మా చిన్నాయన ఇద్దరూ గనిలో గడారి పట్టి బండ లేపినవాళ్లే, తర్వాత చిన్నాయన పాలిష్ ఫ్యాక్టరీలో కోత మిషను మీదికి మారాడు. ఆ మిషను దగ్గర నీళ్లు సరిగ్గా పడకపోతే లేచే దుమ్ము పిండిలాగా మెత్తగా ఉంటుంది. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. నాయనకు దగ్గు పట్టుకుంటే ఒక ఆస్పత్రిలో ఎక్స్‌రే చూసి టీబీ మాత్రలు రాశారు. కోర్సు పూర్తిగా మింగాడు, దగ్గు తగ్గలేదు. మళ్లీ రాశారు. ఏ పని చేస్తావని ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు ఆయన లేడు.

ఒక దసరా సెలవుల్లో ఊరికి పోయినప్పుడు లాప్‌టాప్‌లో బ్రాస్డ్ ఆఫ్ పెట్టుకుని చూస్తున్నాను. చిన్నాయన వచ్చి పక్కన మంచం మీద కూర్చున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, సబ్‌టైటిల్స్ చదవలేడు. బ్యాండు వాయిస్తుంటే తల ఊపాడు, బాగుందన్నాడు. డానీకి దగ్గు వచ్చిన చోట మాత్రం ముందుకు వంగాడు. సినిమాల్లో, మా నాటకాల్లో దగ్గు ఎలా ఉంటుందో మీకు తెలుసు. చెయ్యి ఛాతీ మీద పెట్టి, జనానికి వినపడేలా మూడుసార్లు ఖళ్లు ఖళ్లు. నేనూ అలాగే దగ్గేవాడిని. పీట్ సారు దగ్గుకు ముందు ఊపిరి పీల్చడం ఆపేస్తాడు. ఎవరూ చూడకుండా మొహం పక్కకు తిప్పుతాడు. మెడ నరం బిగుస్తుంది. దగ్గు వచ్చేది ఆ తర్వాత, అదీ ఆపలేక.

“యాడ పన్జేసినాడురా ఈయప్ప?” అన్నాడు చిన్నాయన.

“యాడా లేదు చిన్నాయనా, ఈయన యాక్టరు.”

“పోరా. దగ్గేది యెవునికైనా వస్తాది. వచ్చే దగ్గును పక్కోనికి కనపడకుండా మింగేది గనిలో చేసినోనికే తెలుస్తాది. దగ్గు కనపడితే మేస్త్రీ మర్సనాటి నుంచి పనికి పిలవడు.”

నేను మళ్లీ యాక్టరే అన్నాను. ఆయన నమ్మలేదు. మొన్న ఫోన్ చేసినప్పుడు కూడా ఆ బ్యాండాయప్ప బాగుండాడా అని అడిగాడు. ఉన్నాడని చెప్పాను.

ఆ సినిమా చివర్లో డానీ ఆస్పత్రి నుంచి లేచొచ్చి ఆల్బర్ట్ హాల్లో ట్రోఫీ వద్దని ప్రసంగం చేస్తాడు. సంగీతమే ముఖ్యమని ఇంతకాలం అనుకున్నాను, కాదు, మనుషులే ముఖ్యం అనే అర్థం వచ్చే మాటలు. బ్రిటన్‌లో ఇప్పటికీ ఆ ప్రసంగం వీడియోను జనం తిప్పుకుంటూ ఉంటారు. బాగుంటుంది, కాదనను. నాకు మాత్రం దగ్గే ఎక్కువ. ఆ తర్వాత మా నాటకంలో తండ్రి వేషానికి దగ్గు మార్చేశాను. దర్శకుడికి నచ్చలేదు, వెనక వరసకు వినపడదన్నాడు. మార్చను అన్నాను. ఇంకా ఆ పంచాయితీ నడుస్తూనే ఉంది.

పీట్ సారు చనిపోయాక 2011లో వచ్చిన ఆత్మకథ పేరు ఎ స్పెక్టకిల్ ఆఫ్ డస్ట్. అట్ట మీద దుమ్ము మాట చూసి వెంటనే ఆర్డర్ పెట్టాను. ధర చూశాక మా ఆవిడకు చెప్పలేదు.

2004లో ఆయనకు రాణి గారి తరఫున ఓబీఈ బిరుదు ఇచ్చారు. 2009లో ది ఏజ్ ఆఫ్ స్టుపిడ్ అనే సినిమాలో, 2055 నాటికి భూమి కాలిపోయాక మిగిలిన ఒక ముసలాయనగా వేశాడు. వాతావరణం పాడవుతోందని తెలిసి కూడా మనమెందుకు ఊరుకున్నామని పాత వీడియోలు చూసుకునే మనిషి. ఆ సినిమా ప్రీమియర్ రోజు, కింగ్స్‌నార్త్‌లో కొత్త బొగ్గు పవర్ స్టేషన్‌కు అనుమతిస్తే నా ఓబీఈ వెనక్కి పంపిస్తానని మంత్రి ఎడ్ మిలిబాండ్ ఎదుటే చెప్పాడు. బొగ్గు గని కార్మికుడిగా జనాన్ని ఏడిపించిన మనిషే బొగ్గు వద్దన్నాడని కొందరికి వింతగా తోచొచ్చు. నాకు తోచలేదు. మా పాణ్యం దగ్గర గని, శకునాల గ్రామాల్లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టినప్పుడు బేతంచెర్ల పాత కార్మికులు అన్నమాటా ఇదే: దుమ్ము లేని కరెంటు మంచిదే, మరి మా పిల్లలకు పనేది? రెండు మాటలూ ఒకే నోట్లోంచి రావొచ్చు.

2008లో లివర్‌పూల్ యూరప్ సాంస్కృతిక రాజధాని అయిన ఏడాది, ఎక్కడ మొదలుపెట్టాడో ఆ ఎవ్రీమన్‌లోనే కింగ్ లియర్ వేశాడు, రూపర్ట్ గూల్డ్ దర్శకత్వంలో. హాలీవుడ్ డబ్బు చూసిన మనిషి అరవై రెండేళ్ల వయసులో చిన్న థియేటర్‌కు వచ్చి ఆ వేషం వేయాలనుకోవడం నాకు చాలా ఇష్టమైన సంగతి. మొదటి రివ్యూలు అంత బాగా రాలేదు. ఆట మాత్రం ఆగలేదు, తర్వాత లండన్ యంగ్ విక్ థియేటర్‌కూ పోయింది.

1990లోనే ఒకసారి క్యాన్సర్ వచ్చి బయటపడ్డాడు. రెండోసారి వచ్చింది క్లోమానికి. ఆ జబ్బుతోనే 2010లో మూడు పెద్ద సినిమాల్లో కనపడ్డాడు. క్లాష్ ఆఫ్ ద టైటన్స్, ఇన్సెప్షన్, ది టౌన్. ఇన్సెప్షన్‌లో చావు మంచం మీద ఉన్న కోటీశ్వరుడైన తండ్రి, ఉండేది కాసేపే. ది టౌన్‌లో బోస్టన్‌లో పూల కొట్టు నడుపుతూ దొంగల ముఠాను నడిపే ఐరిష్ ముసలాయన. గులాబీల ముళ్లు తీస్తూ అంత మామూలు గొంతుతో బెదిరిస్తాడు, బెన్ అఫ్లెక్ కంటే మనకే ముందు చెమట పడుతుంది. 2011 జనవరి 2న ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో చనిపోయాడు. అరవై నాలుగేళ్లు. ది టౌన్‌కు బాఫ్టా, అంటే బ్రిటన్ సినిమా అవార్డు, నామినేషన్ ఆయన పోయాక వచ్చింది.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవాళ్లుంటారు కాబట్టి చెప్తున్నాను. ఇన్సెప్షన్‌తో వద్దు, అందులో ఆయన్ని వెతుక్కునేలోపు మంచం మీద నుంచి మాయమైపోతాడు. ముందు ఇన్ ద నేమ్ ఆఫ్ ద ఫాదర్ చూడండి, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, ఐరిష్ యాస మొదటి పది నిమిషాలు అసలు అర్థం కాదు. తర్వాత బ్రాస్డ్ ఆఫ్, ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చు, బూతులు కొన్ని ఉన్నాయి గానీ ఈ రోజుల్లో అవేమీ లెక్కలోకి రావు. డిస్టెంట్ వాయిసెస్ మాత్రం పిల్లలు పడుకున్నాక ఒంటరిగా చూడండి. లాస్ట్ వరల్డ్ ఎటూ ఏదో ఒక ఛానెల్లో ఆదివారం వస్తుంది.